మచ్చల పురుగులకు విత్తనాల పొట్లం

తోటల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సీసాల పథకము రద్దు చేయుట గురించి, మా తమ్ముని దవడ గురించి.

ఏడేళ్లుగా అడుగుతున్నాను. "మచ్చల పురుగులు సీసా నిండా పట్టి తెచ్చినవారికి విత్తనాల పొట్లం ఉచితం" అని తమ ఆఫీసు గోడకు కాగితం అంటించినదెవరు? ఏ మచ్చల పురుగో రాయడానికి అందులో చోటు లేకపోయిందా? నోటితో అడిగితే తమ గుమాస్తా "రాసుకురా తాతా" అన్నాడు. నేను పార పట్టినవాణ్ణి, కలం పట్టినవాణ్ణి కాను. తప్పులుంటే తమరే దిద్దుకోండి.

1. మచ్చల పురుగులు రెండు రకములు. ఆకు తినేది మట్టిరంగుది, నూగుతో, ఒంటినిండా మచ్చలతో ఉంటుంది. రెండోది నున్నగా, ఎర్రగా. దీన్ని అక్షింతల పురుగు అంటారు, మా ఆవిడ గుండీ పురుగు అంటుంది. ఇది ఆకు ముట్టదు. చిగుళ్ల రసం పీల్చే పేనుబంకను బతికుండగానే నమిలేస్తుంది. దీని పిల్ల చిన్న మొసలిలా ఉండి ఇంకా ఘోరంగా తింటుంది.

2. ఆకు తినేది ఆకు కింద దాక్కుంటుంది, ప్రతి ఆకూ తిప్పి ఏరాలి. గుండీ పురుగు చిగురు మీద ఎదురుగానే తిరుగుతుంది. చెయ్యి తగిలితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు రాలుతుంది. మోకాళ్లలోంచి పచ్చటి రక్తం కారుస్తుంది, ఆ చేదుకు పిట్ట కూడా ఉమ్మేస్తుంది. సీసాకు నాలుక లేదు గదా. కింద కిరసనాయిలు సీసా పెట్టి కాడ తడితే చాలు. జనం సుళువైనదాన్నే చంపి తెచ్చారు, తమరు పొట్లాలు పంచారు.

3. సోమవారం పొద్దున నా తోడబుట్టిన తమ్ముడు, పక్క మడి వాడు, సీసాతో నా చిక్కుడు సాళ్లలో దిగాడు.

"నా మడిలో నీకేం పనిరా?" అన్నాను.

"ఈ పురుగులకేమన్నా నీ ఇంటిపేరు ఉందా అన్నయ్యా? ఉన్నా నాదీ అదేగా."

"అవి చస్తే పేనుబంక నీ మడికీ వస్తుందిరా."

"రానీ. ముందు పొట్లం వస్తుంది."

సీసా లాక్కోబోతే కిరసనాయిలు నా కళ్లలో కొట్టాడు. పార కర్రతో వాడి దవడ విరగ్గొట్టాను. తమవారు "పరస్పర తోపులాట" అని రాసుకున్నారట. తోపులాట కాదు. కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. సరిచేయవలెను.

4. గుండీ పురుగు గుడ్లలో ముందు పగిలిన పిల్ల పక్క గుడ్డులోని తోబుట్టువును తినేస్తుంది. దానికి బుద్ధి లేదు. పెద్దవాణ్ణి, నాకు ఉండాలి.

5. ఆసుపత్రికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "పురుగుల మీదున్న జాలి ఆయన మీద లేకపోయిందా బావగారూ? గంజి గొట్టంతో తాగుతున్నారు" అంది మరదలు. తమ్ముడు నోరు కట్టేసి ఉండి, నన్ను చూస్తూ, వేలితో కాడ తట్టినట్టు చూపించాడు. మళ్లీ వస్తానని.

6. ఇప్పుడు నా చిక్కుడు కాడలు పేనుబంకతో నల్లబడ్డాయి. పంట తీయనివాడి మడి లాక్కుంటామని నోటీసు తమదే. ఆ మడి తప్ప నాకూ మా ఆవిడకూ, ఇద్దరు ముసలాళ్లకు, తిండి లేదు.

కావున ఆ కాగితం చింపించి, సీసాలు తీసుకోవడం మాన్పించవలెను. ఇది చేస్తేనే చిత్తగించినట్టు.

తమ విధేయుడని రాయమన్నారు, రాశాను,
నాలుగో వరుస చిక్కుడు మడి ముసలాడు

తా.క. తమ్ముణ్ణి శనివారం ఇంటికి పంపుతారట. వాడు మొండి, నేను వాడికి అన్నని. కాగితం గోడ మీదే ఉంటే శనివారం గట్టు మీద ఇద్దరం నిలబడతాం, ఒక్కడే ఇంటికి వెళ్తాడు. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు ఇవ్వవలెను.