గోడ వెంట ఆవిరి గొట్టం

1957 నవంబరు 28

మొదలైంది. చలి వచ్చింది కదా, ఈ బంగళా ముందు గదుల్లో దిగిన అతిథుల కోసం మిల్లు నుంచి ఆవిరి వదిలారు. ఎప్పుడో ఇక్కడున్న తెల్లదొర గదులు వెచ్చగా ఉండాలని వేయించుకున్న ఇనుప గొట్టం. ముందు గదుల్లోకి మా గది గోడ వెంటే పోతుంది. మొదట టక్, టక్... తర్వాత సమ్మెట దెబ్బలు. గూట్లో గిన్నెలు అదిరాయి. తిరిగి చూస్తే మా ఆయన మంచం మీద లేరు. మంచం కింద ఉన్నారు, తల మీద రెండు చేతులూ కప్పుకుని.

"ఎస్తేరూ, పోదాం పా. పైపు పలుగుతది."

చెయ్యి పట్టుకుని బయటికి తీద్దామంటే భయం. కాలిన చోట తోలు ఇంకా ఉల్లిపొరలా ఉంది.

నవంబరు 29

పొద్దున ఒకసారి. సాయంత్రం ఒకసారి. మధ్యలో ఎదురుచూడడం.

నవంబరు 30

వానాకాలంలో బాయిలర్ దగ్గర గొట్టం పగిలే ముందు కూడా ఇలాగే కొట్టిందట. ఇవాళ చెప్పారు, గోడ వైపు తిరిగి.

"మల్లయ్య నవ్విండు. పైపుకు దగ్గు పట్టిందన్నడు."

అంతే. ఆయన పక్కనే పనిచేస్తున్న మల్లయ్య బతకలేదు. ఈయన బతికారు. కాలిన ఒళ్ళు మానేదాకా ఉండమని మిల్లువాళ్ళు ఈ బంగళా వెనక గది ఇచ్చారు. ఆవిరికి కాలిన మనిషిని తీసుకొచ్చి ఆవిరి గొట్టం పక్కన పడుకోబెట్టారు. ఎండాకాలం పోయి వాన కురుస్తున్న రోజులు, గొట్టం చల్లగా ఉండింది, ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. పెంకుటిల్లు, సిమెంటు నేల... చూసి సంతోషపడ్డాను కూడా.

డిసెంబరు 2

వరండాలో ఇంజనీరుగారు కనిపిస్తే ధైర్యం చేసి అడిగాను.

"పాత లైనమ్మా, మోగుతుంది. ఆయన చెవుల్లో దూది పెట్టండి."

ఆపడానికి వీలు లేదట, పెద్దవాళ్ళు దిగుతుంటారు. వేరే గది ఏదైనా... "ఖాళీలెక్కడివి? ఇబ్బందిగా ఉంటే మీ ఊరెళ్ళిపోండి."

ఏ ఊరు? ఖానాపూర్‌లో మరిది ఇల్లు వాళ్ళకే చాలదు. చొప్పదండిలో పుట్టిల్లు, బాపు ఉండేది ఒక్క గది. కట్లు మార్చే ఆసుపత్రి ఇక్కడే ఉంది. దూది పెట్టాను. పీకి పారేశారు. గోడ అదురుతుంటే చెవులు మూసి ఏం లాభం?

డిసెంబరు 4

బంగళా చూసుకునే ఖాసీం చాచా పాలు తెచ్చి ఇస్తూ అన్నాడు — "దొర ఉన్నప్పుడు గీ లొల్లి లేకుండె బిడ్డా. జర సుయ్యిమనేది, గంతే."

ఆ మాట వచ్చి ఈయనకు చెప్పాను. అన్నం తిన్నాక, చాలాసేపటికి, "నీళ్ళు" అన్నారు. చెంబు తెచ్చాను. తల అడ్డంగా ఊపారు.

"తాగనీకి కాదు. పైపుల నీళ్ళు నిలుస్తున్నయ్. ఆవిరి ఉరికొచ్చి గా నీళ్ళను ఎత్తి కొడుతది."

ప్రమాదం జరిగిన తర్వాత ఈయన నోటి వెంట ఇంత పొడుగు మాట ఇదే.

డిసెంబరు 5

ఆవిరి చల్లబడి నీళ్ళవుతుందట. గొట్టం మొదటి నుంచి చివరిదాకా వాలుగా ఉంటే ఆ నీళ్ళు జారి పోతాయి. ఎక్కడో కుంగింది, అక్కడ నిలుస్తున్నాయి.

"ఎక్కడ కుంగిందో చూస్తారా?"

"నేను ముట్ట."

"నేను ముడతా. చెప్పండి."

గోడకేసి తిరిగి పడుకున్నారు.

డిసెంబరు 7

మధ్యాహ్నం ఆవిరి ఆపుతారు. గొట్టం చల్లబడ్డాక చెయ్యి పెట్టాను. ఇన్నాళ్ళూ పాముని చూసినట్టు చూశాను దాన్ని... ఉత్త ఇనుము.

కళ్ళు మూసుకునే చెప్పారు ఎలా చూడాలో. మందు సీసాలో కొంచెం ఖాళీ ఉండేట్టు నీళ్ళు పోసి, మూత పెట్టి, గొట్టం మీద పడుకోబెట్టాలి. లోపలి గాలిబుడగ ఎత్తున్న వైపుకి పోతుంది. జరుపుతూ పోయాను. తలుపు వైపున్న బుడగ, కిటికీ దాటగానే అటు కొసకి పరుగెత్తింది. కిటికీ కింద చెక్క దిమ్మె గొట్టాన్ని మోస్తూ ఉంది. వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. చెదలు. పైన రంగు మాత్రం మిగిలింది.

డిసెంబరు 8

చాచా రోకలి తెచ్చి గొట్టం కింద పెట్టి ఎత్తాడు. నేను ఇటుకలు తోశాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటుంటే వాకిట్లోంచి కేక —

"మెల్లగ! జాయింటు పలుగుతది!"

ఆయనే. ఆ గొంతు విని చాచా రోకలి పట్టుకునే నవ్వాడు. నేనూ నవ్వాను.

సాయంత్రం ఆవిరి వదిలారు. మా గదిలో చప్పుడు లేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అప్పుడు ముందు గదిలో పేలినట్టు మోగింది, ఎన్నడూ లేనంత గట్టిగా. అక్కడ దిగిన పెద్దమనిషి అరుస్తూ బయటికొచ్చాడు. ఈయన లేరు. అంగీ లేకుండా ఆ చలిలో కంచె దాకా పరుగెత్తి, ముళ్ళతీగ పట్టుకుని నిలబడ్డారు. చెయ్యి వదిలించడం నా వల్ల కాలేదు. చాచా వచ్చాడు.

డిసెంబరు 9

కట్టు మీద నెత్తురు. ఆసుపత్రిలో నన్ను తిట్టారు.

డిసెంబరు 11

ఆయన మాట్లాడడం లేదు. ఆయన నిద్రపోతే తప్ప నేను గుమ్మం దాటలేను. గుమ్మం దాటితే కంచె. కంచె దాటితే మిల్లు గోడ. బోర్డింగు స్కూల్లో గేటు వేస్తే ఏడ్చేదాన్ని... అక్కడ సెలవులు ఉండేవి.

డిసెంబరు 15

చాచా చెప్పాడు, ముందు గదిలో రోజూ ఒకే మూల నుంచి వస్తోందట చప్పుడు. ఈయన విన్నారు. గంజి తాగుతూ తాగుతూ ఆగి —

"నువ్వు ఈడ ఎక్కువ ఎత్తినవ్. నీళ్ళు గా గదిల పడుతున్నయ్. ఆడ కొసకు నల్లా ఉంటది, నీళ్ళు వదిలేది. గా నల్లా మూసుకపోయినట్టుంది."

ఆ గదిలోకి మేం పోకూడదు. మధ్య తలుపుకి అటు నుంచి తాళం. చాచాని అడిగితే గడ్డం గోక్కున్నాడు.

"సాబుకు ఎరుకైతే నా నౌకరి పోతది బిడ్డా."

అడగకుండా ఉండాల్సింది. అన్నం పెట్టే పని.

డిసెంబరు 19

దిగినవాళ్ళు పొద్దున్నే వేటకు పోయారు. తాళం తీసిన చప్పుడు. చాచా తలుపు తెరిచి పక్కకు జరిగాడు.

మెత్తని తివాచీ. చెప్పులు విడిచి నడిచాను. పెద్ద బీరువా జరిపితే వెనక మూలలో ఇత్తడి నల్లా, చిలుము పట్టి పచ్చగా. తిప్పితే తిరగలేదు. కిరోసిన్ పోశాం. చాచా పానా పట్టి తిప్పాడు, తిరగలేదు, దానితోనే కొట్టబోయాడు.

"కొట్టకుండ్రి. ఇరుగుతది."

గుమ్మంలో ఆయన. ఒక చెయ్యి తలుపు చెక్క మీద. పిలిస్తే వెనక్కి పోతారనిపించింది. ఒక్కో అడుగు వేస్తూ వచ్చి, నా పక్కన కూర్చుని, గొట్టం వైపు చూడకుండా, "పానా నేను పట్టుకుంట. నువ్వు తిప్పు" అన్నారు.

ఎడమచేత్తో పట్టుకున్నారు. ఆయన చెయ్యి మీద నా రెండు చేతులు. కదిలింది. నల్లటి నీళ్ళు బుసబుస బకెట్లోకి. తుప్పు పెళ్ళలు. ఆగకుండా వచ్చాయి, చాచా ఇంకో బకెట్ తెచ్చాడు. ఆయన ఆ నీళ్ళనే చూస్తూ ఉన్నారు.

"గింతే నీళ్ళు" అన్నారు. "మల్లయ్యకు ఎవ్వలన్న గింత చేసి పెట్టుంటే బతికేటోడు."

తర్వాత మా గదిలో ఒక ఇటుక తీయించారు. సీసా పెట్టి చూశాం, బుడగ ఒకే వైపు నిలిచింది.

సాయంత్రం ఆవిరి వచ్చింది. సుయ్... ఆయన మంచం కిందికి పోలేదు. మంచం మీద కూర్చున్నారు, రెండు చేతులా పట్టెలు పట్టుకుని. కూర్చునే నిద్రపోయారు. నేను పొయ్యి దగ్గరికి పోయి ఏడ్చాను.

డిసెంబరు 21

చప్పుడు లేదు.

డిసెంబరు 25

"నువ్వు పో గుడికి. నేనుంట" అన్నారు. ఇన్ని నెలల్లో మొదటిసారి. తెల్లచీర కట్టుకుని చర్చికి పోయాను. పాటలయ్యాయి. ప్రసంగం సగంలో లేచి వచ్చేశాను, కూర్చోలేకపోయాను. ఆయన వాకిట్లో ఎండలో కూర్చుని ఉన్నారు. ఏమీ కాలేదు. ఎందుకు పరుగెత్తుకొచ్చానో.

1958 జనవరి 3

ఇంజనీరుగారు మా గదికి వచ్చారు. ముందు గదుల్లోవాళ్ళు హాయిగా ఉందన్నారట. ఎవరు బాగుచేశారని అడిగితే చాచా సంబరం ఆపుకోలేక, "మా యోహాను చేసిండు సాబ్" అన్నాడట.

"అయితే చేతులు బాగయ్యాయన్నమాట. సంక్రాంతి దాటగానే బాయిలర్ డ్యూటీలో చేరు."

ఈయన నేల చూపులు.

"నేను చేశానండీ" అన్నాను. "ఆయన చెప్తే నేను చేశాను. ఆయనకింకా బాగాలేదు."

నవ్వారు. "మీరా?" ఇంకా నవ్వుతూనే — ఇది జబ్బు మనిషికి ఇచ్చిన గది, జబ్బు లేకపోతే డ్యూటీ, డ్యూటీ వద్దంటే గది ఖాళీ.

చాచా తలుపు పక్కనే నిలబడి అంతా విన్నాడు. "అరే, గిట్లైతదనుకోలే బిడ్డా" అన్నాడు. అతన్ని ఏమనను?

జనవరి 6

ఇటుకలు లాగేస్తే చాలు. పొద్దున్నే మళ్ళీ మోగుతుంది, ఈయన మంచం కింద ఉంటారు, ఇంజనీరు వచ్చి చూస్తారు. గది ఉంటుంది.

కిటికీ దగ్గర కూర్చున్నాను. చెయ్యి ఇటుక మీద పెట్టాను కూడా. ఆయన మంచం మీద నుంచి, "ఎస్తేరూ, ఏం చేస్తున్నవ్?" అన్నారు. చెయ్యి తీసేసి, "ఊడుస్తున్నా" అన్నాను.

జనవరి 10

"వేరే పని అడుగుదాం. గేటు పని, తోట పని."

"అడిగిన. లేదన్నరు."

ఎప్పుడు అడిగారో, ఎవరిని అడిగారో. నాకు చెప్పకుండా ఒక్కరే అంత దూరం నడిచారు.

జనవరి 15

ఖాకీ అంగీ తీయమన్నారు. కాలరు మెడ మీద కాలిన చోట రాసుకుంటోంది. కాలరు మడిచి లోపలికి కుట్టాను. తొడుక్కుని చూశారు, విప్పేశారు, మళ్ళీ తొడుక్కున్నారు.

"పోతారా?"

"పోకుంటే యాడ ఉంటం?"

జనవరి 16

"గేటు దాకా రా" అన్నారు. పోయాను. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే నడిచారు, అందరూ చూస్తుండగా. చెయ్యి తడిగా ఉంది. గేటు దగ్గర జవాను, "ఆడోళ్ళు గీడికే" అన్నాడు. మిల్లు కూత అయింది. ఆయన కదల్లేదు. జనం మమ్మల్ని తోసుకుంటూ పోయారు. "ఇంటికి పోదాం పదండి" అందామనుకున్నాను. అంటే వచ్చేసేవారు. ఏ ఇంటికి?

చెయ్యి ఆయనే వదిలారు. వెనక్కి చూడలేదు.

ఇప్పుడు గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. మిల్లు వైపు నుంచి చిన్న చప్పుడైనా కలం ఆగిపోతోంది. ఏదో ఇనుము కింద పడింది ఇందాక... మనుషుల మాటలు, మళ్ళీ మామూలే. పొయ్యి వెలిగించాలి. ఆకలితో వస్తారు. లేచి లోపలికి పోతే వినపడదేమోనని ఇక్కడే కూర్చున్నాను.