మూడు వారాల సూది

అక్కా,

ఇవాళ నువ్వు పోయిన రోజు. అమ్మ నీ ఫొటోకి కనకాంబరాల దండ వేసింది. నేను మామూలుగానే బందరు ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లాను.

నాగాయలంక నుంచి ఒక కొత్త కోడలు వచ్చింది. నీ జబ్బే. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్ల వాపులు, ఆ తర్వాత గుండె కవాటాలు దెబ్బతినడం. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పడాల్సిందే. నీకు పెళ్లి కుదరగానే, "అత్తారింట్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా!" అని పెద్దమ్మ మాన్పించిన సూది అది. మానేశాకే నీకు జబ్బు తిరగబెట్టింది. పెద్దమ్మతో నేనింకా మాట్లాడటం లేదు.

ఈ పిల్లని తీసుకొచ్చింది ఎవరో తెలుసా? అత్తగారు!

"పెళ్లిచూపుల్లోనే చెప్పారండీ. పెళ్లి హడావుడిలో కూడా సూది మాన్పించలేదు" అంది.

మందు సీసాని అరచేతుల మధ్య దొర్లించి వెచ్చబెట్టాను. నొప్పి కాస్త తగ్గుతుందని నీకు సూది వేసే సిస్టరమ్మ అలాగే చేసేది. అయినా నువ్వు నా చెయ్యి నలిపేసేదానివి.

సూది చూడగానే ఆ పిల్ల కళ్లు మూసుకుంది. అత్తగారు చెయ్యి చాపింది.

"పట్టుకోవే, గట్టిగా పట్టుకో."

ఆవిడ గాజులు రెండు చిట్లాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.