తొంభై ఎనిమిది దగ్గర మరిగిన నీళ్లు

సార్,

మీరు పోయి ఏడాదైంది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడికి పోలేదు. ఈ మాట అడగడానికి మీరు తప్ప నాకెవరూ లేరు, అందుకే రాస్తున్నాను.

కోదాడలో తొమ్మిదో తరగతికి సైన్స్ చెబుతున్నాను. నిన్న నీళ్లు మరిగించాం. థర్మామీటర్ తొంభై ఎనిమిది దగ్గరే ఆగింది. పిల్లలంతా నూరని రాశారు. స్వప్న ఒక్కతే తాను చూసింది రాసింది.

హెడ్మాస్టర్ ఆమె రికార్డు తిరగేసి, "పుస్తకంల నూరుంటే ఈ పిల్లకెట్ల తక్కువొచ్చింది? శుక్రవారం తనిఖీకొస్తరు, దిద్దించమ్మా" అన్నారు.

థర్మామీటర్‌లోనే తేడా ఉండొచ్చని, చూసిందే రాయాలని చెప్పాను.

"అట్ల రాస్తే పరీక్షల మార్కులు నువ్వేస్తవా?" అని నవ్వారు.

గుమ్మం బయట నిలబడ్డ స్వప్న అంతా విన్నది. "టీచర్, మన నీళ్లు తప్పు మరిగినయా?" అని అడిగింది.

పెన్‌పహాడ్ బడిలో మీ దగ్గర చదివేటప్పుడు మా ముగ్గురు పిల్లలకు మూడు రీడింగులొస్తే, మీరు మూడింటినీ మా పేర్ల పక్కన బోర్డు మీద రాశారు. ఒక్కటీ చెరపలేదు.

ఆ అంకె దిద్దించాలా, వద్దా? గురువారం లోపు జవాబు రాయండి సార్. శుక్రవారం పొద్దున ఆ పిల్లకు రబ్బరు నేనే ఇవ్వాలి.