అడిగినంతే చెబుతాను

ఆగస్టు 19, సోమవారం. ఉదయం 7:10
మా అమ్మాయి రిక్కె సాధించింది! డేటాబేస్ నుంచి సమాచారం మోసుకొచ్చే ప్రోగ్రాం ఒకటుంది, డ్రైవర్ అంటారట. ఒక మనిషి పేరు అడిగితే చాలు, అతనికి సంబంధించిన సమస్తం విప్పి ముందు పోసేదట. రిక్కె దాన్ని మార్చాక ఇప్పుడు అడిగిందే విప్పుతుంది, తక్కింది మూటలోనే ఉంచుతుంది. తొమ్మిది సెకన్ల పని ఒక్క సెకనులో! నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి, నాకు అర్థం కాదా?

శనివారం గ్రంథాలయంలో దీని మీద మాట్లాడుతుంది.
"రా నాన్నా. కానీ ఒట్టెయ్. ఎవరెంత అడిగితే అంతే చెప్పు. పోయినసారి మా ఆఫీసువాళ్ళు చక్కెర ఎక్కడంటే నా పాలపళ్ళ డబ్బా తెచ్చి చూపించావు. ఈసారి అలా చేస్తే ఇంకెప్పుడూ పిలవను."
ఒట్టు! నేనూ కొత్త డ్రైవర్‌నే!

మంగళవారం, 8:00
రొట్టెల దుకాణం. "ఏం కావాలి?" "రై రొట్టె." అంతే! నా భుజం నేనే తట్టుకున్నాను: భేష్ ఏగన్!

బుధవారం
పక్కింటి ఇంగర్ ఎండ బాగుందంది. ఎండ గురించే మాట్లాడాను. పదకొండు నిమిషాలు! రిక్కె సంగతి చెప్పలేక కడుపు ఉబ్బిపోయింది.

గురువారం, 8:05
అడిగితేనే చెప్పాలి, సరే. అడిగేలా చేయకూడదని ఎవరన్నారు? తోటలో జెండా ఎగరేశాను. ఇంట్లో పుట్టినరోజులాంటి విశేషముంటేనే జెండా ఎగరేయడం మా దేశంలో ఆనవాయితీ.
8:09. కంచె దగ్గర ఇంగర్. "ఏమయ్యా ఏగన్, ఎవరి పుట్టినరోజు?"
"పుట్టినరోజు కాదమ్మా."
"మరేంటి?"
అడిగింది! తనే అడిగింది!
10:30. ఇంకా చెబుతున్నాను. మరో ఆరుగురు చేరారు. రెండు కూజాల కాఫీ. పాలపళ్ళ డబ్బా దుమ్ము దులపడానికే బయటికి తీశాను.

శుక్రవారం
రిక్కె ఫోను. "గ్రంథాలయంలో ఇంకో ముప్ఫై కుర్చీలు వేస్తున్నారట. మీ వీధి వీధంతా వస్తోంది. ఏం చేశావు?"
"అడిగినవాళ్ళకే చెప్పానమ్మా."
"జెండా ఎగరేశావా?"
"...ఆఁ."
ఫోను పెట్టేసింది. రావద్దని మాత్రం అనలేదు. అనలేదు కదా?

శనివారం
వెనక వరుస. టోపీ కళ్ళదాకా లాక్కున్నాను. నోరు విప్పలేదు.
రిక్కె మొదలుపెట్టింది: "పాత డ్రైవర్ మా నాన్నలాంటిది. చక్కెర అడిగితే పాలపళ్ళు తెచ్చిపెడుతుంది."
హాలంతా నవ్వులు. ముందు వరుసలోంచి ఎవరో, "ఆయన వచ్చారా?"
అడిగారు!
లేచాను. డబ్బా కోటు జేబులోనే ఉంది.

ఆదివారం, 9:00
రిక్కె వచ్చి డబ్బా లాక్కుంది. మొహం గంభీరంగానే పెట్టింది, పెదవులే మాట వినలేదు.
"ఇంకేమైనా దాచావా నాన్నా?"
అడిగింది కాబట్టి ఆల్బమ్‌లు నాలుగూ తీశాను. మధ్యాహ్నం దాకా చూశాం.
వచ్చే శనివారం ఆర్హుస్ నగరంలో మాట్లాడుతుందట. నన్నూ రమ్మంది! రేపటినుంచి మళ్ళీ మొదలు. అడిగినంతే. ఒట్టు.
బల్ల మీద పెట్టుకునే చిన్న జెండా కోటు జేబులో పడుతుందేమో చూశాను. పట్టింది.