నాకోసం సాగదీసిన బతుకమ్మ పాట

అత్తమ్మా,

నెత్తురందక నా తుంటి ఎముక చచ్చిపోయిందని దవాఖానాలో చెప్పినప్పుడు, "మనిషి బతికుండంగ బొక్క చచ్చుడేంది?" అని డాక్టరుతోనే కొట్లాడావు, గుర్తుందా? ఆ ఏటి నుంచి మన ఇల్లందు క్వార్టర్లలో బతుకమ్మ పాటలన్నీ సాగదీసి పాడావు. కుంటుతూనైనా నేను ఆటలో ఉండాలని, అందరినీ నా నడకకే తిప్పావు.

నువ్వు పోయాక తుంటి కీలు మార్పించుకున్నాను. ఈసారి నొప్పి లేకుండా ఆడాను! కానీ మనవాళ్లు అలవాటు కొద్దీ నీ సాగుడు పాటే ఎత్తుకున్నారు. ఉండబట్టలేక, "గిదేం పాటనే, నిద్రొస్తాంది! జల్దీ అందుకోన్రి" అని అరిచాను. అందరూ పకపకా నవ్వారు. పాట ఉరికింది, దానితో నేనూ ఉరికాను. కుచ్చిళ్లు జారుతున్నా ఆగలేదు.

అంతలో పక్కింటి లచ్చమ్మక్క మోకాలు పట్టుకుని వెనకబడింది.

"మీరాడుకోన్రి, నేను కూసుంట" అంది.

"కూసునుడేంది?" అని చేయి పట్టి ఆటలోకి లాగాను. నా నోటికి నీ పాటే వచ్చింది, అదే సాగుడుతో.

నిద్రొస్తోందని ఎవరూ అనలేదు.