వాన రోజు ఫోన్‌లో

మలక్‌పేట,
అక్టోబరు 18.

చిరంజీవి జైనబ్‌కు,

లీలమ్మ సిస్టర్ దీవించి రాస్తున్నది. నువ్వు, అమ్మీ, తమ్ముడు ఇమ్రాన్ ఒకరికొకరు తోడుగా ఉన్నారని తలుస్తాను. అమ్మీకి నా సలాం చెప్పు.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తలేదు. నిన్న ఇమ్రాన్ చేత ఆక్సిజన్ మిషన్ ఆస్పత్రికి తిరిగి పంపావు. శుభ్రంగా తుడిచి, పైపు చుట్టి, పాత దుప్పట్లో కట్టి పంపావు. ఆ మూట విప్పాక నీకు ఉత్తరం రాయాలనిపించింది. ఉత్తరమైతే నీకు కుదిరినప్పుడు చదువుకుంటావు. వెంటనే జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

మీ బాపు రసూల్ భాయ్‌ను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక, ఆయన ఊపిరి చూసుకోవడానికి నేను మొదటిసారి మొఘల్‌పురా వచ్చిన రోజు గుర్తుందా? వస్తూనే కింద దుకాణానికి తాళం వేయించాను. దూది ఏకి పరుపులు కుట్టి మిమ్మల్ని పెంచిన మనిషి. తాళంచెవి నా చేతిలో పెట్టి, "సిస్టరమ్మా, గీ దూది నూగంతా నా రొమ్ముల చేరిందంటున్నవు. మరి దాన్ని గూడ ఏకి తీయరాదా?" అన్నాడు. మీరంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ పాడైన ఊపిరితిత్తులు తిరిగి బాగుపడవు. మిగిలిన కాస్త ఊపిరిని పొదుపుగా వాడుకోవడం మాత్రమే నేను నేర్పగలను. రసూల్ భాయ్ బుద్ధిగా నేర్చుకున్నాడు. గల్లీ చివరి హోటల్ దాకా నడిచి చాయ్ తాగొచ్చానని ఒకరోజు ఎంత గొప్పగా చెప్పాడో!

తర్వాత ఆ వాన. మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్ ఆగిందని నువ్వు ఫోన్ చేశావు. నేను మలక్‌పేటలో ఇంకో పేషెంటు దగ్గర ఉన్నాను. చిన్న సిలిండర్ పెట్టమన్నాను, పెట్టావు. అంబులెన్సుకు చెప్పాం. రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి దారి మూసుకుపోయింది. నా ఆటో కూడా అక్కడే ఆగింది. ఇంకో సిలిండర్ కోసం ఇమ్రాన్ బండి వేసుకుని పోయాడు. వాడు రాకముందే నువ్వు మళ్లీ ఫోన్ చేశావు. "మేడమ్, సిలిండర్ మీటరు ముల్లు పూరా కిందికి పోయింది. ఏం జెయ్యాలె?" అన్నావు.

స్పీకర్ ఆన్ చేసి ఆయన పక్కన పెట్టమన్నాను. "రసూల్ భాయ్, ముంగటికి వంగు. దిండు మీద తల వాల్చు. ముక్కుతోని పీల్చు. వేడి చాయ్ ఊదినట్టు మెల్లగ ఊదు," అన్నాను. అమ్మీ కూడా ఎదురుగా కూర్చుని ఆయనతోపాటు ఊదుతోందని చెప్పావు. "బాపు ఊదుతున్నడా?" అని అడిగితే, "ఊదుతుండు మేడమ్," అన్నావు. కాసేపటికి మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట అన్నావు. ఆటో చుట్టూ నీళ్లు. డ్రైవరు వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. నేను ఊదు, ఊదు అంటూనే ఉన్నాను.

నేను నీళ్లలో నడిచి మీ ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మీ ఆయన చెయ్యి వదల్లేదు. నువ్వు గోడ వైపు తిరిగి నిలబడ్డావు. ఆ రోజు నుంచి నా ముఖం చూడలేదు.

ఒక్క మాట విను. అమ్మీ కూడా ఇన్నేళ్లూ ఆ దుకాణం పై అంతస్తులోనే, ఆ దూది నూగులోనే బతికింది. ఆమె దగ్గు నాకు నచ్చడం లేదు. ఒకసారి పరీక్షకు తీసుకురా. నన్ను చూడటం కష్టమైతే నేను డ్యూటీలో లేని రోజు తీసుకురా.

మీ ఇంటిని ప్రార్థనలో తలచుకునే
లీలమ్మ

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. నువ్వు మొదటిసారి "ఊదుతుండు" అన్నప్పుడు ఆయన ఊదుతూనే ఉన్నాడు. రెండోసారి అన్నప్పటికి లేడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు బిడ్డా. ఆయన రొమ్ములోని పిల్లికూతలు ఫోన్‌లో వినబడుతూ వినబడుతూ ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక్క మనిషి ఊపిరే వినబడింది. అది అమ్మీది. నేను ఆపితే ఆమెకు తెలిసిపోయేది. నువ్వూ అందుకే అట్లా చెప్పావు కదా? ఇమ్రాన్ వచ్చేదాకా ఆమె ఒంటరిగా అట్లా ఊదుతూ ఉండకూడదని, నేను ఫోన్ పట్టుకుని ఆమెతోపాటు ఊదాను.