బాపు చేను వంకాయలు

గోదావరిఖని,
సెప్టెంబరు 1971

మా అవ్వకు,

నీ కాళ్లు మొక్కి కొడుకు గట్టయ్య రాస్తున్నది. ఇక్కడ నేను, అనసూర్య, పిల్లలు అందరం బాగానే ఉన్నాం. కొత్తగూడెంలో నువ్వు, చెల్లె సారలమ్మ, బావ, పసిగుడ్డు చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

లింగమూర్తి బావ నీ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాడు. చదువుతుంటే నువ్వు ఎదురుగా కూర్చుని గదమాయిస్తున్నట్టే ఉంది. మనవడికి నా ముక్కే వచ్చిందని రాయించావు. పాపం, వాడేం తప్పు చేశాడని! అనసూర్య మాత్రం పొద్దంతా నవ్వింది.

నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. నా దగ్గు తగ్గింది, దవాఖాన మందు పని చేసింది. ఈ వారం నాకు ఫస్టు షిఫ్టు, కాబట్టి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరుతున్నాను. అనసూర్యకు నడుము నొప్పి లేదు. పెద్దపిల్ల బడికి పోతున్నది గానీ, పొద్దున లేవగానే "నాయినమ్మ ఎప్పుడొస్తది?" అని దండకం మొదలుపెడుతుంది. పెద్దలకిచ్చే పెత్రమాస అమాసకు ముందే వస్తుందని చెప్పి జడ వేయించుకోవడానికి కూర్చోబెడుతున్నాం.

ఇంకొకటి అడిగావు. పసిగుడ్డు తొట్టెల పండుగకు పంపిన వంకాయలు తెంపేటప్పుడు నా చేతికి ముండ్లు గుచ్చుకున్నాయా అని. బావా, ఇక్కడి నుంచి అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు చదివి వినిపించు. చెల్లె అత్తగారు వింటే నాకు తలెత్తుకునే ముఖం ఉండదు.

అవ్వా, నువ్వు పురుడుకని బస్సెక్కుతూ చెప్పిన మాట నేను మరువలేదు. "మిరుగు కార్తె జొచ్చినంక వంకాయ చెట్లను మోకాలెత్తుకు కొయ్యి. పీకద్దు బిడ్డా, కొయ్యాలె. కోసిన కాడ బూడిద సల్లు" అన్నావు. ఊళ్లో ఉన్నప్పుడు కాపు అయిపోగానే మనమూ పీకి దున్నేవాళ్లమే. బాపు చేను బొగ్గు గనికి పోయాక, ఆ చేను విత్తనంతో క్వార్టరు వెనక పెట్టిన చెట్లను పీకడానికి మాత్రం నీకు మనసొప్పలేదు. పక్క క్వార్టరు పోశం నిన్ను ఆట పట్టించేవాడు గుర్తుందా? "వంకాయ చెట్టు ఎక్కడన్న ఏండ్లకేండ్లు ఉంటదా అవ్వా?" అంటే, "ఈ ఎండల దాన్ని సలి సంపుతదా? మనిషి పీకితెనే సస్తది" అన్నావు. నీ మాటే నిజమైంది. ఏటా కోస్తే ఏటా చిగురించి కాశాయి. చెట్టే ఉండగా విత్తనమెందుకని నువ్వు ఒక్క పండునూ దాచలేదు. ఏటా పెత్రమాసనాడు, పోయిన బాపు పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పుతో పాటు ఆ కాయలే ఇచ్చావు. ఆయన చేను కాయలు ఆయనకే చేరాలె అనేదానివి.

కోయడం నువ్వు చెప్పినట్టే కోశాను. బూడిద దగ్గరే బుద్ధి గడ్డి తిన్నది. నువ్వు ఊరి నుంచి తెచ్చి దాచిన పిడకల బూడిద డబ్బా మూలనే ఉంది. దాన్ని తీయడానికి బద్ధకించాను. షిఫ్టు దిగి వచ్చానాయె, ఒళ్లు హూనమై ఉంది. అనసూర్య అప్పుడే బొగ్గు పొయ్యి దులిపి, బూడిద తట్టను వెనక పెట్టింది. బూడిద ఏదైతేనేం అనుకుని తట్ట ఎత్తి నాలుగు మోళ్ల మొదట్లో కుమ్మరించాను. లోపలి నుంచి అనసూర్య కేక వేసింది.

"ఆగు, అది బొగ్గు బూడిద! ఇంక సల్లారలే!"

"ఎవుసం నాకు నేర్పుతవా?" అన్నాను.

పైన తెల్లగా కనిపించినా బొగ్గు లోపల నిప్పు దాచుకుంటుందని, గనిలో పనిచేసేవాడికి ఎవరు చెప్పాలి? కాసేపటికి పచ్చి బెరడు కాలిన వాసన వచ్చింది. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు బూడిద లాగేసి బకెట్లతో నీళ్లు పోశాను. వానలు పడ్డాయి. కాలనీలో గోడ సందుల్లో కూడా గడ్డి మొలిచింది. మన మోళ్లు మాత్రం చిగురించలేదు.

"దాస్తే దాగుతదా? అవ్వకు రాయరాదు" అని అనసూర్య ఎన్నోసార్లు చెప్పింది. రాయడానికి చెయ్యి రాలేదు. "చెట్లు చిగురేసినయి" అని రాశాను. ఆ అబద్ధాన్ని నమ్మి తొట్టెల పండుగకు మన కాయలు పంపమన్నావు. బజారంతా తిరిగి, రంగూ పొడుగూ మన వాటిలాగే ఉన్నవి ఏరుకుని, కొత్తగూడెం వస్తున్న పోశంతో పంపాను. కూర అందరూ మెచ్చుకున్నారని నువ్వు రాయించావు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని చదివాను.

కిందనే ఆ ముండ్ల మాట ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ కాయలు తరిగి వండింది నువ్వే. మన కాయ తొడిమ నిండా ముండ్లుంటాయి, బజారు కాయ తొడిమ నున్నగా ఉంటుంది. నీ చేతికి ఆ మాత్రం తెలియదా? తెలిసీ, వియ్యాలవారి ముందు నా పరువు తీయకుండా మన కాయలేనని వడ్డించావు. నన్ను నాలుగు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

బాపు చేను కింద బొగ్గు తవ్వేది నేనే. పైన మిగిలిన ఆ నాలుగు చెట్లనూ బొగ్గు నిప్పుతో కాల్చింది నేనే. ఈ పెత్రమాసకు ఆయన పేరు మీద ఏం ఇవ్వాలో నాకు తెలియడం లేదు. బజారు కాయలు పెడదామంటే మనసు రావడం లేదు.

నిన్న గోరుతో గీరి చూశాను. మూడు మోళ్లు లోపలిదాకా ఎండిపోయాయి. గోడ పక్కదానికి మాత్రం నేల దగ్గర కొంచెం పచ్చ కనిపించింది. అది పచ్చేనో, నా ఆశో తెలియదు. ఈసారి నా తెలివి వాడదలచుకోలేదు. దాన్ని ముట్టుకోకుండా వదిలేశాను. నువ్వు జల్ది వచ్చి చూడు. అది బతకకపోయినా రా. తిట్టడానికైనా రా.

కాయలు తెంపేటప్పుడు నేను అబ్బా అంటే, "గనిల బొగ్గు కొడుతవు, వంకాయ ముల్లుకు ఏడుస్తవారా?" అని నవ్వేదానివి. నువ్వడిగిన దానికి ఇదే జవాబు. నా చేతికి ముండ్లు గుచ్చుకోలేదు అవ్వా. అవి మన కాయలు కావు.

ఇట్లు,
వంకాయ ముల్లుకు ఏడ్చే నీ కొడుకు
గట్టయ్య